ఎవరూ తిట్టని రెయిలింగు

అయినా ఉప్మాలో ఉప్పు తక్కువైందంటే దాన్ని విమర్శ అనాలా, సమాచారం అనాలా? విమర్శ అయితే మనసు చివుక్కుమంటుంది. సమాచారం అయితే చెయ్యి ఉప్పు డబ్బా మీదకి పోతుంది. పరాంకుశం విషయంలో ఎప్పుడూ మొదటిదే జరిగేది. ఆ పొద్దున కూడా ముద్ద నోట్లో పెట్టుకోగానే, ఇంట్లో తను తప్ప మరో మనిషి లేకపోయినా, "ఒక్క పనీ తిన్నగా చెయ్యవు కదరా" అని వినిపించింది. అది పోయి చాలాకాలమైన పెదనాన్న గొంతు. బతికున్నన్నాళ్ళూ ఆయన వేరే ఊళ్ళో ఉండేవాడు, పెళ్ళిళ్ళకీ చావులకీ కనిపించేవాడు. పోయిన తర్వాత మాత్రం తిన్నగా వచ్చి పరాంకుశం తలలో మకాం పెట్టాడు. ఖాళీ చేసే ఉద్దేశం ఉన్నట్టు కనబడదు.

ఉప్పు వేసుకోకుండానే ఉప్మా తినేసి, ఆ మాటే నములుకుంటూ పరాంకుశం ఆఫీసు మెట్లెక్కాడు.

ఆ మెట్ల గురించి చెప్పుకోవాలి. పరాంకుశం పనిచేసేది వయోవృద్ధుల సౌకర్యాల శాఖలో. ముసలివాళ్ళ సౌకర్యం చూసే ఆఫీసు గనక, గాలీ వెలుతురూ ధారాళంగా ఉండాలని దాన్ని మేడమీద పెట్టారు. కింది భాగంలో శాఖవారి జీపులు నీడపట్టున ఉంటాయి. మెట్లు భవనం బయటినుంచి పైకి పోతాయి. నిటారుగా ఉంటాయి, అంచులు అరిగిపోయాయి, మధ్యలో ఒక మలుపు, ఆ మలుపులో ఒక స్తంభం. ఒక పక్క గోడ. రెండో పక్క ఏమీ లేదు. ఊళ్ళోని ముసలివాళ్ళంతా ఏడాదికోసారి ఆ మెట్లెక్కి వచ్చి, తాము ఇంకా బతికే ఉన్నామని అధికారుల ఎదుట స్వయంగా కనబడాలి. కనబడనివాళ్ళు పోయినట్టే శాఖ భావిస్తుంది.

కిందటేడు గవర్రాజు మాస్టారు అలాగే కనబడి, బతికే ఉన్నట్టు అందరినీ ఒప్పించి, దిగేటప్పుడు మలుపు దగ్గర పడిపోయారు. తుంటి విరిగింది. అప్పుడు పరాంకుశం పై మెట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆయన పడటం కంటే, పడబోయే ముందు ఆయన చెయ్యి గాలిలో దేనికోసమో వెతుక్కోవడం అతని కళ్ళలో నిలిచిపోయింది. ఆ చెయ్యి కంగారుగా వెతకలేదు. ముసలివాళ్ళ ఆఫీసు కదా, ఇక్కడ ఏదో ఒకటి ఉండే ఉంటుందన్న నమ్మకంతో వెతికింది.

ఆనాటినుంచీ పరాంకుశానికి జీవితంలో ఒక ఆశయం ఏర్పడింది. ఆ మెట్లకి ఒక రెయిలింగు పెట్టించాలి. దాన్ని ఆశయం అనుకోవడానికి అతనికే సిగ్గేసేది. కానీ అంతకుముందు అతనికి ఏ ఆశయమూ లేదు, పోల్చుకోవడానికి. ముసలివాళ్ళు మళ్ళీ వచ్చే రోజు దగ్గరపడుతోంది. అతను ధైర్యం చేసి ప్రతిపాదన రాసి పైకి పంపించాడు.

సరిగ్గా అప్పుడే డైరెక్టరు చిద్విలాసరావుగారు వ్యక్తిత్వ వికాస శిక్షణ ముగించుకుని కొండమీది విడిది నుంచి తిరిగొచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళారు. వచ్చేటప్పుడు మొహంలో చెరగని చిరునవ్వొకటి పెట్టుకొచ్చారు. వచ్చిన పూటే ఉత్తర్వు వెలువడింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, విమర్శ లేనిదే విజయము లేదు. కావున ఇకమీదట శాఖాపరమైన ఏ కార్యమైననూ తగినంత విమర్శను పొందిన మీదటనే ఆమోదమునకు అర్హమగును."

నాలుగు రోజులు పోయాక పరాంకుశాన్ని ఆయన గదిలోకి పిలిచారు.

"మీ ప్రతిపాదన పరిశీలించడమైనది పరాంకుశంగారూ. ఇందులో విమర్శ ఎక్కడ?"

"విమర్శ దేనికండీ? రెయిలింగు కదండీ."

"లోకంలో గొప్ప ఆశయం పెట్టుకున్న ప్రతివాణ్ణీ జనం రాళ్ళు పెట్టి కొట్టారు. అవునా, కాదా?"

"అవునండి."

"మిమ్మల్ని ఎవరైనా కొట్టారా?"

"లేదండి."

"పోనీ, తిట్టారా?"

పెదనాన్న సంగతి చెబుదామా అని పరాంకుశం ఒక్క క్షణం ఆలోచించాడు. అది ఆఫీసు రికార్డుకి పనికొచ్చే తిట్టు కాదనిపించింది.

"తిట్టలేదండి. విన్నవాళ్ళందరూ మంచిదే అన్నారు."

డైరెక్టరుగారి చిరునవ్వు జాలిగా మారింది. "అదే మీ ప్రతిపాదనలోని మౌలిక లోపం. అందరూ మంచిదంటే అది ఆశయం కాదు, అవసరం. అవసరాల విషయమై మన శాఖకి ఎలాంటి ఆదేశాలూ లేవు. వెళ్ళి విమర్శ సమీకరించుకు రండి."

బయటికొచ్చేసరికి పక్క సెక్షన్ ఆదిశేషు ఎదురయ్యాడు. అతని మొహం వెలిగిపోతోంది. ముసలివాళ్ళ మానసికోల్లాసం కోసం ఆఫీసు ముందు, సరిగ్గా మెట్ల మొదట్లో, పాటకి తగ్గట్టు ఎగిరే ఫౌంటెన్ పెట్టాలని అతను ప్రతిపాదించాడు. సంగతి పొక్కగానే ఊరు ఊరంతా దుమ్మెత్తిపోసింది. కుళాయిల్లో నీళ్ళు లేవు గానీ ఫౌంటెనా అని ఆడవాళ్ళు బిందెలతో వచ్చి గేటు దగ్గర శాపనార్థాలు పెట్టారు. డైరెక్టరుగారు మేడమీదికి వచ్చి, చేతులు జోడించి, ఆ తిట్లన్నీ తన్మయత్వంతో విన్నారు. ఆపుతారేమోనని మధ్యలో మంచినీళ్ళు కూడా పంపించారు. సాయంత్రానికి ఫౌంటెన్‌కి ఆమోదం వచ్చేసింది.

"గురూ, నువ్వు మంచి పని పెట్టుకు కూర్చున్నావు. అదే నువ్వు చేసిన పొరపాటు," అన్నాడు ఆదిశేషు, వక్కపలుకు నోట్లో వేసుకుంటూ. "ఆ రెయిలింగుకి కాస్త వెండిపూత పూయిస్తానని రాయి. నీకెందుకు, ఊరంతా నీ ఇంటిముందే ఉంటుంది."

"వెండి దేనికి శేషూ? ఇనుప కడ్డీ చాలు."

"అందుకే నిన్నెవరూ తిట్టరు," అని ఆదిశేషు జాలిపడి వెళ్ళిపోయాడు.

పరాంకుశానికి ఇది కొత్త కష్టం. ఎదురుగా వచ్చేవాడు ఏమైనా అంటాడేమోనని రోడ్డు దాటి అవతలి పక్కన నడిచే మనిషి ఇప్పుడు ఒక్క తిట్టు కోసం వీధిలో పడ్డాడు. ఊళ్ళో తిట్టడానికి పేరుపడ్డ మనిషి మాణిక్యాంబగారు ఒక్కరే. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు గానీ, ఆ సంగతి ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు. పెళ్ళికి వెళితే పప్పులో పులుపు నుంచి పురోహితుడు కూర్చునే తీరుదాకా సరిదిద్దకుండా తిరిగిరారు. ఇల్లు ఆఫీసు వెనక సందులోనే. పరాంకుశం ఇన్నేళ్ళూ ఆ సందు తప్పించుకునే తిరిగాడు.

"ఏవయ్యా పరాంకుశం, ఆ కాలరేంటలా ఉంది? చాకలి నీమీద పగబట్టాడా?" అన్నారావిడ గుమ్మంలోనే. "కూర్చో. ఆ కుర్చీలో కాదు, దాని కాలు ఊగుతుంది, అచ్చు నీలాగే. ఇటు కూర్చుని చెప్పు, ఏంటి పని?"

పరాంకుశానికి ఆశ కలిగింది. రెయిలింగు సంగతి చెప్పాడు.

"పెట్టించు మరి! ఎప్పుడో పెట్టించాల్సింది."

"మీరు దాన్ని కాస్త విమర్శించాలండీ."

"దేన్ని?"

"రెయిలింగునండి."

ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. "మతి గాని పోయిందా నీకు? మా గవర్రాజు పడింది అక్కడే కదయ్యా. మంచానే ఉన్నాడిప్పటికీ. మంచి పనిని పట్టుకుని తిట్టమంటావేంటి?"

"కొంచెం తిడితే చాలండి. మా డైరెక్టరుగారు..."

"నిన్ను తిట్టమను, సాయంత్రం దాకా తిడతాను, మధ్యలో కాఫీ కూడా ఇస్తాను. రెయిలింగుని మాత్రం తిట్టను." ఆవిడ మోకాళ్ళ మీద చేతులు వేసుకున్నారు. "ఈసారి నేనూ ఎక్కాలి కదా ఆ మెట్లు. బతికున్నానని చూపించుకోవద్దూ? ఈ మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి. మా స్కూల్లో అల్లరి పిల్లలే నయం, బెత్తం చూపిస్తే వినేవాళ్ళు."

తిరిగి వస్తూ పరాంకుశం తనలోకి తాను చూసుకున్నాడు. దెబ్బ పడుతుందని ఒళ్ళంతా బిగబట్టుకుని వెళ్ళాడు. పడలేదు. కానీ ఆ బిగువు సడలడం లేదు. ఇన్నేళ్ళూ తను భయపడింది మనుషులు అనే మాటలకా, లేక అంటారేమోనని తను ముందుగానే తయారుచేసిపెట్టుకున్న మాటలకా? ఆవిడ కాలరు గురించి అన్నది నిజమే. తడిమి చూసుకున్నాడు. మడత తిరగబడి ఉంది. సరిచేసుకోవచ్చు. కానీ సరిచేసుకుంటే ఆవిడ అన్నదానికి లొంగిపోయినట్టు అవుతుందనిపించి, అలాగే వదిలేసి ఆఫీసుకి వచ్చాడు.

విమర్శ దొరక్క ఇబ్బంది పడుతున్నది పరాంకుశం ఒక్కడే కాదు. తాగునీరు, మరుగుదొడ్డి లాంటి ప్రతిపాదనలన్నీ తిట్టేవాళ్ళు లేక మూలపడ్డాయి. అందుచేత శాఖ ఒక ఆస్థాన విమర్శకుణ్ణి నియమించుకుంది. ఆయన భావనారాయణగారని, రిటైరైన లెక్చరర్. ఎదుటివాడు నోరు తెరవకముందే పెదవి విరవగల సమర్థులు. ఆయన కోసం ఒక గది కేటాయించి, తలుపుకి ముదురాకుపచ్చ తెర కట్టారు. విమర్శను స్వీకరించే పద్ధతి గురించి సిబ్బందికి శిక్షణ కూడా ఇచ్చారు. నిటారుగా నిలబడాలి. అరచేతులు తెరిచి ఉంచాలి. పళ్ళు కనబడేలా నవ్వాలి. చివర్లో "ధన్యవాదములు, ఇంకా ఏమైనా ఉన్నదా?" అని అడగాలి. పరాంకుశం శిక్షణలో బాగా వెనకబడ్డాడు. అతని నవ్వు పంటినొప్పిలా ఉందని రెండుసార్లు వెనక్కి పంపారు. అది కూడా విమర్శే గనక, దానికీ నవ్వాల్సి వచ్చింది.

భావనారాయణగారు ప్రతిపాదన చదివి, కళ్ళు మూసుకుని, చాలాసేపటికి పెదవి విరిచారు.

"రెయిలింగు! ఎంత హీనమైన ఆలోచన! పట్టుకోవడానికి ఏదో ఉందన్న భావనే మనిషిని లోపలినుంచి తొలిచేస్తుంది. మనిషి పుట్టినప్పుడు రెయిలింగు పట్టుకు పుట్టాడా? వృద్ధుల ఆత్మవిశ్వాసం మీద ఇనుప కడ్డీతో దెబ్బకొట్టడం కాదా ఇది? పడే హక్కు లేనివాడికి నిలబడే గౌరవం ఎక్కడిది?"

అలా అని, కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, మెల్లిగా లేచారు.

పరాంకుశం అరచేతులు తెరిచి నవ్వాడు. ఈసారి నవ్వు నిజంగానే వచ్చింది. విమర్శ దొరికింది. అంతకంటే వింత ఏమిటంటే, ఆ మాటలు వింటుంటే తను నిజంగానే ఏదో నేరం చెయ్యబోతున్నానని అతనికి తోచింది. "నేను చెప్పలేదురా" అన్నాడు లోపల పెదనాన్న. ఆయన రెయిలింగు గురించి ఎన్నడూ ఏమీ చెప్పలేదు. అయినా పరాంకుశం ఒప్పుకున్నాడు.

ఆ విమర్శ శాఖ గోడలు దాటి పోయింది. రెయిలింగా, ఆత్మవిశ్వాసమా అన్న అంశం మీద సదస్సు పెట్టారు. యోగా కేంద్రంవాళ్ళు రెయిలింగుకి వ్యతిరేకంగా ఊరేగింపు తీశారు. మెట్లెక్కే వయసు ఇంకా రానివాళ్ళు, లిఫ్టున్న ఇళ్ళలో ఉండేవాళ్ళు తీవ్రంగా స్పందించారు. పరాంకుశం వీధిలో నడుస్తుంటే ఎవరో వెనకనుంచి "కడ్డీగాడు" అని అరిచారు. ఆదిశేషు వచ్చి కౌగలించుకున్నాడు.

"అదృష్టవంతుడివి గురూ. నా ఫౌంటెన్‌ని కూడా ఇంతలా తిట్టలేదు."

పరాంకుశం డైరెక్టరుగారి గదిలోకి దాదాపు పరుగెత్తాడు.

"విమర్శ వచ్చిందండీ. ఇక పెట్టించొచ్చాండీ?"

"రండి, కూర్చోండి." ఆయన స్వయంగా కుర్చీ జరిపారు. "అద్భుతం! రాష్ట్రంలో ఏ శాఖకీ ఇంతటి నాణ్యమైన విమర్శ రాలేదు. మొత్తం విమర్శ సూచికలో మనదే ప్రథమ స్థానం. ఇప్పుడు చెప్పండి, రెయిలింగు పెట్టేస్తే ఏమవుతుంది?"

"పట్టుకుంటారండి."

"పట్టుకుంటారు. పట్టుకున్నవాడు మళ్ళీ విమర్శిస్తాడా?"

పరాంకుశం కుర్చీ అంచుకి జరిగాడు.

"ఇంతటి విమర్శను సృష్టించిన ఆశయాన్ని నెరవేర్చి, చేజేతులా చంపుకుంటామా? ఆ ఫౌంటెన్ చూడండి. కట్టేశాం, జనం నోళ్ళు మూతపడ్డాయి. అలవాటుపడిపోయారు. ఆ తప్పు మళ్ళీ జరగకూడదు. కావున మీ రెయిలింగును శాశ్వత ప్రతిపాదనగా ప్రకటించడమైనది. అది ఎల్లప్పుడూ రాబోతూ ఉంటుంది."

"ముసలివాళ్ళు వచ్చే రోజు దగ్గరపడిందండీ. కిందటేడు మాస్టారు..."

"ఆ రోజునే విమర్శోత్సవం. మీకు విమర్శధీర బిరుదు. శాలువా నేనే కప్పుతాను."

ఆ రోజు రానే వచ్చింది. మేడమీద షామియానా వేశారు. కింద ఫౌంటెన్ పాటకి తగ్గట్టు ఎగురుతోంది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా మొదటి మెట్లన్నీ తడుస్తున్నాయి. ముసలివాళ్ళు ఒక్కొక్కరే గోడని రెండు చేతులా కావలించుకుని, తడి చెప్పులు జారుతుంటే, పక్కకి పక్కకి నడుస్తూ వస్తున్నారు. పైకి చేరినవాళ్ళు ఆయాసంతో మాట్లాడలేక, బతికే ఉన్నామన్నట్టు చెయ్యి మాత్రం ఊపుతున్నారు. వేదిక మీద పరాంకుశం చివరి కుర్చీలో కూర్చున్నాడు. అక్కడినుంచి వంగి చూస్తే మెట్ల మలుపు కనబడుతుంది. చూడకూడదనుకుంటూ చూస్తున్నాడు.

"ఈ రెయిలింగు భౌతికంగా లేకపోవచ్చు," అంటున్నారు డైరెక్టరుగారు మైకులో. "కానీ లేకపోవడంలోనే దాని ఔన్నత్యమున్నది..."

మలుపు దగ్గర మాణిక్యాంబగారు ఆగిపోయి ఉన్నారు. పైకి రాలేరు, కిందికి దిగలేరు. ఆవిడ నోరు మూసుకుని ఉండటం పరాంకుశం ఎన్నడూ చూడలేదు. అందుకే ముందు గుర్తుపట్టలేదు. ఎడమ అరచెయ్యి గోడకి ఆనించి ఉంది. కుడిచెయ్యి పక్కకి చాచి, గాలిలో మెల్లిగా వెతుకుతోంది.

పరాంకుశం కుర్చీలోంచి లేచాడు.

"ఇప్పుడేం పొడుద్దామనిరా?" అన్నాడు పెదనాన్న.

షామియానా వెనక మిగిలిన తాడు చుట్టగా పడి ఉంది. అది భుజాన వేసుకుని, దిగి వెళ్ళి, ముందు ఆవిడ చెయ్యి పట్టుకుని మలుపు మీద కూర్చోబెట్టాడు. ఆవిడ ఊపిరి తీసుకుంటున్నారు. అతను తాడు ఒక కొస తీసుకెళ్ళి పైన కిటికీ ఊచకి కట్టాడు. దాన్ని లాక్కుంటూ వచ్చి, మలుపు దగ్గర స్తంభానికి ముడి వేశాడు. అక్కడినుంచి కిందికి దిగి, తడుస్తూ, రెండో కొసని ఫౌంటెన్ ఇనుప గొట్టానికి బిగించాడు. ఫౌంటెన్ కట్టాక అది ఎవరికైనా ఉపయోగపడటం అదే మొదటిసారి. పాట మారింది. నీళ్ళు అతని నెత్తిమీద లయబద్ధంగా పడ్డాయి.

ఈలోపు వేదికమీద కుర్చీ ఖాళీగా కనబడిందేమో, భావనారాయణగారు అతన్ని పిలుచుకురావడానికి దిగారు.

"ఏమిటీ పని పరాంకుశంగారూ? సన్మానం ముందు పెట్టుకుని! ఇది మీ ఆశయానికే ద్రోహం. పట్టుకోవడానికి ఏదో ఉందన్న భావన..." అంటూ మలుపుదాకా వచ్చేశారు, తాడు రెండు చేతులా పట్టుకుని.

"ఆ చేతులు తీసి మాట్లాడవయ్యా, బాగా వినబడుతుంది," అన్నారు మాణిక్యాంబగారు.

ఆయన చేతులు తియ్యలేదు. మాటలు మాత్రం ఆపేశారు.

ఆవిడ స్తంభం ఆసరాతో లేచి, తాడు పట్టుకుని ఒకసారి గట్టిగా లాగి చూశారు. అడుగు వెయ్యబోయి ఆగారు.

"ఏవయ్యా, నీ బొంద! ఎంత కిందకి కట్టావు? ఇలా వంగి పట్టుకుంటే ముందుకి తూలిపోనూ? జానెడు పైకి కట్టు."

పరాంకుశం అరచేతులు అలవాటుగా తెరుచుకున్నాయి. ధన్యవాదములు అనబోయాడు. లోపల చివుక్కుమనడం కోసం ఎదురుచూస్తూ ఒక్క క్షణం నిలబడ్డాడు. తాడు కేసి చూశాడు. నిజమే, ఆవిడ మోకాలి దగ్గరే ఉంది.

పైన మైకు గరగరమంది. "విమర్శధీర పరాంకుశంగారు ఎక్కడున్ననూ వెంటనే వేదికపైకి విచ్చేయవలసిందిగా..."

"మీరు కాస్త గోడ పట్టుకోండి సార్," అన్నాడు పరాంకుశం భావనారాయణగారితో.

తర్వాత స్తంభం దగ్గర కూర్చుని, తడిసి బిగుసుకుపోయిన ముడిని గోళ్ళతో విప్పి, జానెడు పైకి కట్టాడు.